పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు

పోయిన నెల కుప్పంలో ఇల్లు మారుతున్నప్పుడు అటక మీద నుంచి నాయన పలక దిగింది. ఇప్పటి పిల్లలు ఎరిగిన రేకు పలక కాదు, నల్లరాతి పలక. చెక్క చట్రం ఒక మూల విరిగితే రాగి తీగతో చుట్టి కట్టింది నాయనే. దాని మీద ఇంకా ఏదో రాసి ఉంటుందని నాకు లోలోపల ఆశ ఉన్నట్టుంది, దుమ్ము తుడవకుండానే కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశాను. ఏమీ లేదు. చెరిపి చెరిపి నడిమధ్యన కాస్త నునుపు తేలింది, అంతే. సామాను దించుతున్నవాళ్ళు దీన్ని పారేసేవాటిలో వేయమంటారా అని అడిగితే నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ళకేం తెలుసు, వాళ్ళ మీద విసుక్కుని ఏం లాభం. పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కొత్త ఇంటికి నేనే తెచ్చుకున్నాను.

నేను పెరిగింది పుంగనూరులో. నాయన అక్కడి హైస్కూల్లో లెక్కల అయ్యవారు. నలుగురితో కలిసి నాలుగు మాటలు మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఇంటికి చుట్టం వస్తే బాగున్నారా అని అడగడం కూడా అమ్మే చేయాలి. నాయన మాత్రం ఏ బస్సుకు వచ్చారని అడిగి, టికెట్టు ఇప్పించుకుని, దాని మీది నంబరును కళ్ళద్దాలు పైకి నెట్టి చూసేవాడు. మూడుతో పోతుందా, పదకొండుతో పోతుందా, అసలు దేనితోనైనా పోతుందా అని మనసులో చూసుకుని, పోకపోతే ముఖం విప్పారేది. “మంచి టికెట్టప్పా నీది” అని చుట్టానికి తిరిగి ఇచ్చేవాడు. ఆ చుట్టం పాపం ఏమనుకోవాలో తెలియక అమ్మ వైపు చూసేవాడు. అమ్మ మజ్జిగ తెచ్చే నెపంతో లోపలికి పోయేది.

సంఖ్యల్లో నాయనకు మూడు కులాలు ఉండేవి. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే చిన్న సంఖ్యలన్నిటినీ కూడాలి. కూడితే సరిగ్గా ఆ సంఖ్యే వస్తే అది పరిపూర్ణ సంఖ్య. ఆరు అలాంటిది, ఒకటీ రెండూ మూడూ కలిస్తే ఆరే. ఎక్కువ వస్తే అధిక సంఖ్య, తక్కువ వస్తే న్యూన సంఖ్య. ఇక ఒకటి తప్ప ఇంకేదీ లోపలికి పోలేనివి ప్రధాన సంఖ్యలు. వాటి ముందు ఆయన చెప్పులు విడిచినంత పని చేసేవాడు. మనుషులను కూడా ఇలాగే పంచేవాడని మాకు తెలుసు. మా ఇల్లుగలామె మునెమ్మ అధిక సంఖ్య, తాను న్యూన సంఖ్య. అమ్మ పరిపూర్ణ సంఖ్య అని మాత్రం ఒకసారి, ఆమె వినేటట్టుగానే అన్నాడు. అమ్మకు అది పొగడ్త అని అర్థం కావడానికి అక్క విడమరిచి చెప్పవలసి వచ్చింది. మా ఇంట్లో నలుగురం. నాలుగు న్యూన సంఖ్యే, ఒకటీ రెండూ కలిస్తే మూడే వస్తుంది, ఒకటి తక్కువ. “ఆ ఒక్క తక్కువా అందురికీ ఉండేదే” అనేవాడు.

మునెమ్మ వెనక కొట్టంలో పట్టుపురుగులు మేపేది. మా వంటింటి గోడకు ఆవలే కొట్టం కాబట్టి ఆ పురుగుల బతుకుతో మా బతుకూ ముడిపడి ఉండేది. అవి గూడు కట్టే ముందు రోజుల్లో మా ఇంట్లో తాలింపు వేయకూడదు. మిరపకాయలు వేయించకూడదు, ఊదుబత్తి వెలిగించకూడదు, ఘాటు తగిలితే పురుగు మేత మానేస్తుంది. ఆ రోజుల్లో మేము తాలింపు లేని పప్పు, రాగిసంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి తినేవాళ్ళం. ఇల్లంతా మల్బరీ ఆకు పచ్చివాసన. సాయంత్రం నిశ్శబ్దంగా కూర్చుంటే గోడ ఆవల వేల పురుగులు ఆకు నమిలే చప్పుడు, పెంకుల మీద సన్నని చినుకు పడుతున్నట్టు వినపడేది. ఇప్పటికీ నాకు వాన మొదలైతే ముందు ఆ కొట్టం గుర్తొస్తుంది, తరువాతే ఆరేసిన బట్టలు.

ఆ ఇంట్లో జ్వరానికి మాత్రతో పాటు లెక్క కూడా ఇచ్చేవాళ్ళు. మంచాన పడిన పిల్లకు నాయన ఒక పెద్ద సంఖ్య ఇచ్చి, దాన్ని తెంచమనేవాడు. అంటే ఏయే ప్రధాన సంఖ్యలు కలిసి అది అయ్యిందో కనిపెట్టాలి. రెండుతో మొదలుపెట్టి మూడు, ఐదు, ఏడు, పదకొండు అని వరుసగా భాగిస్తూ పోవాలి. జబ్బును బట్టి లెక్క. పడిశానికి ఇచ్చింది పూటలో తెగేది. నాకు అమ్మవారు పోసినప్పుడు ఎనిమిది వేల ఆరువందల ముప్పై మూడు ఇచ్చాడు. గోక్కోవాలని వేళ్ళు జివ్వుమంటున్నా బలపం వదలలేదు నేను. ఎనభై తొమ్మిది దగ్గరికి చేరేసరికి పొక్కులన్నీ మాడిపోయాయి. ఎనభై తొమ్మిదీ తొంభై ఏడూ అని అరిచాను. ఆ రోజే తలకు పోశారు. అప్పటి నుంచి అమ్మ కూడా నమ్మింది, లెక్క తెగితే జ్వరం తెగుతుందని. నాయన అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు.

అక్క పేరు సుగుణ. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాయన తెలివి, అమ్మ నోరు దానికి వచ్చాయి. నాకు ఏది వచ్చిందో ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను. ఇంటర్మీడియట్‌కు అక్క మదనపల్లె కాలేజీలో చేరి రోజూ బస్సులో పోయి వచ్చేది. టమోటా లారీలు అడ్డంపడి బస్సు నిలిచిపోతే తక్కిన పిల్లలు విసుక్కునేవాళ్ళు, అక్క లారీల నంబర్లు చూస్తూ కూర్చునేది. సాయంత్రం వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా, ఈ రోజు పగలని లారీలు, అంటే నంబరు ప్రధాన సంఖ్య అయినవి, ఎన్ని కనిపించాయో నాయనకు చెప్పేది. ఆయన ఆ కబుర్లు వినడానికే వీధరుగు మీద కూర్చునేవాడని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో నాకు అసూయగా ఉండేది. నేను చెప్పే కబుర్లలో నంబర్లు ఉండేవి కావు మరి.

రెండో సంవత్సరంలో అక్కకు బస్సు మెట్లు ఎక్కితే ఆయాసం రావడం మొదలైంది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందట, అప్పుడే అది గుండెలో కవాటాన్ని తినేసిందని మదనపల్లె డాక్టరు చెవిగొట్టం తీసి మెడలో వేసుకుంటూ అన్నాడు. అక్కడి నుంచి జిల్లా దాటి పెద్దాసుపత్రికి పోయారు. ఆపరేషను చేయాలి, ఇప్పుడు ఒంట్లో అంత సత్తువ లేదు, ఇంటికి తీసుకుపోయి కదలకుండా పడుకోబెట్టండి, మేము పిలుస్తాం అని అక్కడ చెప్పారు. ఆ తరువాత నాయనను ఒక్కడినే లోపలికి పిలిచి ఇంకేదో చెప్పారట. అదేమిటో ఆయన అమ్మకు చెప్పలేదు.

తిరిగి వచ్చిన రెండు మూడు రోజుల తరువాత, అక్కను ముందు వసారాలో మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, నాయన పలక మీద ఒక సంఖ్య రాసి ఆమె ముందు పట్టుకున్నాడు. 1022117. ఏడంకెలు. అంత పెద్దది మా ఇంట్లో ఎవరికీ, ఏ జబ్బుకూ ఇచ్చింది లేదు. అది ఎక్కడిదో కూడా మాకు తెలుసు. పెద్దాసుపత్రిలో అక్కకు ఇచ్చిన అట్ట మీది నంబరు అది. అక్క నంబరే అక్కకు ఇచ్చాడు.

పలక బరువుకు అక్క చేతులు వణికేవి. అందుకని నాయన మంచం పట్టె మీద కూర్చుని రెండు చేతులా పలక పట్టుకునేవాడు, అక్క రాసేది. బడి వదిలి వచ్చి, కాఫీ తాగి, పొద్దు వాలేలోగా ఒకటో రెండో ప్రధాన సంఖ్యలతో భాగించడం వాళ్ళ పని. అక్క నోటితో శేషం చెబుతుంది, నాయన తిరిగి చెబుతాడు, చెరుపుతారు. మొదటి సాయంత్రం ఏడుతో ఐదు మిగిలింది. పదమూడుతోనూ ఐదే మిగిలింది. “అదే మిగిలింది సూడు నాయనా” అని అక్క నవ్వింది. నాయన కూడా నవ్వాడు. పలక చట్రం మీద ఆయన వేళ్ళు బిగిసి గోళ్ళు తెల్లబడి ఉండడం నేను చూశాను. లెక్క అంటే ఆయనకు అంత ఇది కాబోలు అనుకున్నాను.

నాకు మాత్రం ఒకటే ధ్యాస. ఇది తెగాలి. తెగితే అక్క లేచి నడుస్తుంది. ప్రతి సాయంత్రం తలుపు వార నిలబడి, శేషం సున్నా రావాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేదాన్ని. ఇరవై మూడు పోయింది, నలభై ఏడు పోయింది, నూరు దాటింది, రెండు వందలు దాటింది. మునెమ్మ రెండు పంటల పురుగులు తీసి సంతకు పంపింది. అక్క చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అంత తెలివిగలది రోజుకు ఒక్క సంఖ్య వేసి పలక పక్కన పెట్టేస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం నాయన బడిలో ఉన్నాడు. అమ్మ, పురుగులను గూడు కట్టే తట్టల మీదికి ఎక్కించే పనికి మునెమ్మకు సాయం పోయింది. నేను అక్క మంచం దగ్గర కూర్చుని, ఇక ఆపుకోలేక, యాల ఇంత నిదానంగా చేస్తాండావు, దినానికి పది వేయరాదా అని ఏడుస్తూ అడిగాను. అక్క నన్ను కాసేపు ఏడవనిచ్చింది. తరువాత పలక తెమ్మంది. ఈసారి నేను పట్టుకున్నాను.

“ఏడవాకు మే. ఇది మొదటి దినమే తెగింది” అంది.

ఏ సంఖ్యనైనా తెంచేటప్పుడు ఎక్కడిదాకా పోవాలో తెలియాలంటే వర్గమూలం చూసుకోవాలని నాయనే మాకు నేర్పాడు. అక్క మొదటి సాయంత్రమే మనసులో చూసుకుంది. వెయ్యిన్ని పదకొండును అదే సంఖ్యతో హెచ్చిస్తే పది లక్షల ఇరవై రెండు వేల నూట ఇరవై ఒకటి. మన సంఖ్య కంటే నాలుగే ఎక్కువ. నాలుగు అంటే రెండు రెళ్ళు. ఇక ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు, ఒక వర్గంలో నుంచి ఇంకొక వర్గం తీసేస్తే వాటి మూలాల మొత్తాన్నీ తేడానూ హెచ్చించినట్టే. వెయ్యిన్ని పదకొండులో రెండు తీస్తే ఒకటి, రెండు చేర్చితే ఒకటి. అక్క పలక మీద వాటిని పక్కపక్కన రాసింది. 1009, 1013.

“రెండూ ప్రధాన సంఖ్యలే. వెయ్యి దాటినాక వచ్చే మొదటి ఇద్దురు. నడిమధ్యన నాలుగే తేడా, నీకూ నాకూ మాదిరి” అంది.

నేను ఆ రెండు సంఖ్యల వంక చూస్తూ ఉండిపోయాను. తెగింది. ఎప్పుడో తెగింది. మరి అక్క ఎందుకు లేవలేదు? ఆ మాట పైకే అడిగాను. అక్క బలపం పక్కన పెట్టి నా తల నిమిరింది. అప్పుడు నాకు పదమూడేళ్ళు, అదే జవాబని తెలిసే వయసే. నాయనకు చెబుతానని లేచాను, ఆయనకు తెలిస్తే ఇంకో లెక్క ఇస్తాడు, అదైనా పనిచేస్తుందేమో అని. అక్క నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

“నాయనకు చెప్పాకు. ఇది అయిపోయిందంటే ఆయన నా కాడ ఏమని కూసుంటాడు? ఏం మాట్లాడాల?” అంది. “ఎప్పుటికీ చెప్పాకు” అని, అరచేతి అంచుతో పలక తుడిచేసింది.

ఆ తరువాత సాయంత్రాలు నేను తలుపు వార కాకుండా వసారా చివర కూర్చుని చూసేదాన్ని. అక్క ఒక్కోసారి తీసివేత కావాలనే తప్పు చేసేది. నాయన పట్టుకుని, “ఆడ సూడమ్మా” అంటే, నాలుక కరుచుకుని దిద్దేది. అలా ఇంకో పది నిమిషాలు గడిచేవి. వాళ్ళు కబుర్లు కూడా చెప్పుకునేవాళ్ళు, వాళ్ళకు తెలిసిన భాషలో. నూట పదమూడును తిరగేసి రాసినా ప్రధాన సంఖ్యే అవుతుందని ఒక రోజు, నాలుగువందల తొంభై ఆరు పరిపూర్ణ సంఖ్య గదా, దాని తరువాత వచ్చే ప్రధాన సంఖ్య నాలుగువందల తొంభై తొమ్మిదికి ఎంత పొగరుండాలని ఒక రోజు. తండ్రీ కూతుళ్ళు అంత సేపు మాట్లాడుకోవడం మా ఇంట్లో అంతకు ముందు లేదు. ఆ మాటలు వింటూ నేను సంతోషించానో దుఃఖపడ్డానో చెప్పలేను. రెండూ ఒకే చోట ఉన్నాయి.

ఆరువందల పదమూడుతో భాగిస్తే రెండువందల నలభై ఆరు మిగిలింది. నాయన తిరిగి చెప్పాడు, రెండువందల నలభై ఆరు. రేపు చూద్దాం అనుకున్నారు. మరునాడు పొద్దున్నే అమ్మ కాఫీ తీసుకుపోయేసరికి అక్క లేదు. పెద్దాసుపత్రి నుంచి పిలుపు ఇంకా రానేలేదు.

అది పురుగులు గూడు కట్టే కాలం. మునెమ్మ వచ్చి, ఊదుబత్తులు వెలిగించుకోండమ్మా, నా పురుగులు పోతే పోనీ అని అమ్మను పట్టుకుని ఏడ్చింది. ఆ పంట ఆమెకు నిజంగానే సగం పోయింది. ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నాయన ఏడవలేదు. కర్మ అంతా అయ్యాక పలక తీసి, తడిగుడ్డతో రెండు వైపులా తుడిచి, ఎండలో ఆరబెట్టి, బీరువా మీద పెట్టాడు. ఆ తరువాత మా ఇంట్లో జ్వరాలకు లెక్కలు ఇవ్వలేదు. నాకు జ్వరమొస్తే మాత్ర, గ్లాసుడు నీళ్ళు తెచ్చి, నిలబడి నేను మింగే దాకా చూసి వెళ్ళిపోయేవాడు. చుట్టాల టికెట్లు అడగడం మానేశాడు. ముగ్గురం మిగిలాం. మూడు ప్రధాన సంఖ్య. ఆయన చెప్పులు విడవదగ్గ సంఖ్యే, దాని సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు.

నేను లెక్కలు వదిలేసి తెలుగు చదువుకున్నాను. నాయన వద్దనలేదు. కుప్పంలో జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, అక్కడే ఉండిపోయాను. అమ్మ పోయాక ఆయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను. చుట్టూ తమిళం, కన్నడం మాట్లాడేవాళ్ళు, ఆయనకు ఏ భాషలోనూ మాట్లాడే పని లేదు కనుక ఇబ్బంది లేకపోయింది. పొద్దున్నే రైలు స్టేషనుకు పోయి బెంచీ మీద కూర్చునేవాడు. గూడ్సుబండి పెట్టెల మీద తెల్లరంగుతో పదకొండంకెల నంబర్లు ఉంటాయి. బండి నిదానంగా పోతుంటే ఆయన పెదవులు కదిలేవి. ఇన్నేళ్ళకు మళ్ళీ నంబర్లు చూస్తున్నాడని నేను కొంత తేలికపడ్డాను.

మా కాలేజీకి కంప్యూటరు వచ్చిన ఏడాది అది. ఒక ఆదివారం నేను వాకిట్లో చింతపండు గింజ తీస్తుంటే నాయన వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.  ఆ మిషన్లో ఒక నంబరు వేసి చూడాలని అడిగాడు. ఏ నంబరో చెప్పకముందే నాకు తెలిసింది.

“అది ప్రధాన సంఖ్యేనా సూసి చెప్పమ్మా. నేను వేసి సూసినా అప్పుడే. బిడ్డ అట్ట మీద ఆ నంబరు కనపడితే బస్సులో మొదులు పెట్టినా, ఇంటికొచ్చి పట్టికలో ఉండేవన్నీ వేసినా. దేనికీ తెగల్యా. డాక్టరు చెప్పింది నేను నమ్మల్యా. బిడ్డ నంబరు పగలనిది, బిడ్డా నిలుస్తాదనుకున్నా. అందుకే అదే ఇచ్చినా. ఎప్పుటికీ అయిపోని లెక్కని తెలిసే ఇచ్చినా.”

చింతగింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

“తెగని లెక్క చేతికిచ్చి తెంచమన్నా. ఏ అయ్యవారూ చేయని పని. బిడ్డ చేతకాలేదనుకునే పాయ.”

ఇన్నేళ్ళూ ఆయన మోసింది ఇదన్నమాట. నేను అక్క చెప్పినట్టే నోరు కట్టుకుని ఉన్నాను, ఆయన పక్కగదిలో ఈ బరువుతో పడుకుని లేస్తున్నాడు. ఇప్పుడు ఏం చెప్పాలి? మిషన్లో చూశాను, ప్రధాన సంఖ్యే అని అబద్ధమాడితే ఆయన నేరం ఆయన దగ్గరే ఉండిపోతుంది. నిజం చెబితే ఆయన ధైర్యం పట్టుకున్న కొమ్మే పుచ్చిదని తెలుస్తుంది, పైగా కూతురు అన్ని సాయంత్రాలూ తనకోసం నటించిందని తెలుస్తుంది. ముసలి మనిషి, దేన్ని తట్టుకుంటాడో నాకు తెలియలేదు. ఎప్పటికీ చెప్పాకు అన్న అక్క గొంతు చెవిలోనే ఉంది. కానీ అక్క ఆ మాట అడిగింది నాయన తన దగ్గర కూర్చోవడం కోసం. ఇప్పుడు కూర్చోవడానికి అక్క లేదు.

చేతులు కడుక్కుని పోయి పలక, బలపం తెచ్చాను. “మిషనుతో పని లేదు నాయనా. వెయ్యి మీద పదకొండు, దానికి వర్గం కట్టు” అన్నాను.

నాయన పలక మీద హెచ్చించి కట్టాడు. కింద అసలు సంఖ్య రాశాడు. తీసివేశాడు. నాలుగు. బలపం ఆ నాలుగు పక్కనే ఆగిపోయింది. ఆయన బతుకంతా ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పిన సూత్రం అది. నేను చెప్పవలసింది ఇంకేమీ లేకపోయింది.

“పట్టిక తొమ్మిదొందల తొంభై ఏడుతో అయిపోయింది. నేనూ ఆడికే నిలిపేసినా” అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. వెయ్యి లోపలి ప్రధాన సంఖ్యల పట్టిక అది, మా పుంగనూరు ఇంటి గోడకు అంటించి ఉండేది. ఒక్క సంఖ్య, ఆ కాగితం దాటి ఒకే ఒక్క సంఖ్య ముందుకు వేసి ఉంటే. తరువాత తలెత్తి అడిగాడు, “బిడ్డకు తెలుసునా?”

“మొదటి దినమే తెలుసు.”

ఇన్నేళ్ళలో నాయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. గట్టిగా కాదు. పలక ఒళ్ళో పెట్టుకుని, దాని మీద నీళ్ళు పడకుండా తల పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. “నేను బిడ్డకు తోడు కూసున్నాననుకుంటిని” అన్నాడు. 

పోయిన నెల పలక దొరికిన రోజు, ఫోనులో ఆ సంఖ్య నొక్కి చూశాను. వేలు తీసేలోపల 1009 × 1013 అని వచ్చింది. మంచిదే, ఎవరికీ కష్టం లేదు. దాని కిందనే, అడగకపోయినా, ఇది న్యూన సంఖ్య అని కూడా చెప్పింది. నిజమే, ఒకటి, వెయ్యిన్ని తొమ్మిది, వెయ్యిన్ని పదమూడు, దాని భాగాలన్నీ కలిపినా రెండు వేల ఇరవై మూడే. పది లక్షలకు పైనున్న సంఖ్య, ఉన్నవాళ్ళందరినీ కూడినా దాని దరిదాపులకు కూడా రాలేదు. మా ఇంటి లెక్కా అంతే. జ్వరమొచ్చిన పిల్లకు ఇప్పుడు ఫోను చేతికిస్తే గోక్కోకుండా పడుకుంటుంది, నేనూ నా కూతురికి అదే చేశాను. దాని పక్కన మంచం పట్టె మీద నేనెంత సేపు కూర్చున్నానో చెప్పమంటే మాత్రం చెప్పలేను.

ఆ ఆదివారం సాయంత్రం నాయన స్నానం చేసి, కాఫీ తాగి, నన్ను పిలిచి ఆరువందల పదమూడు తరువాత ఏమిటని అడిగాడు. ఆరువందల పదిహేడు అన్నాను. పలక పట్టుకోమన్నాడు. అప్పటికే ఆయన చేతులు దాని బరువు ఆపలేకపోతున్నాయి. శేషం మూడువందల అరవై ఐదు. నేను తిరిగి చెప్పాను, మూడువందల అరవై ఐదు. చెరిపాం. ఆ తరువాత రోజూ కాలేజీ నుంచి వచ్చాక అదే పని. ఏడువందలు దాటాయి, ఎనిమిదివందలు దాటాయి. మధ్యమధ్యలో ఆయన అక్క గురించి చెప్పేవాడు, నేను చెప్పేదాన్ని. చివరికి తొమ్మిదివందల తొంభై ఏడు వచ్చింది. అది కూడా తెగదని తెలిసే వేశాడు, శేషం చెప్పాడు, నేను తిరిగి చెప్పాను. తరువాతి సంఖ్య ఏమిటో ఇద్దరికీ తెలుసు. నాయన బలపం కింద పెట్టి, “ఈ దినానికి చాలమ్మా” అన్నాడు.

మరునాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పలక తుడిచి సిద్ధంగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దాని మీద మళ్ళీ ఆ ఏడంకెలు రాసి ఉన్నాయి. నేను చెప్పులు విడిచి, పక్కన కూర్చుని, రెండు చేతులా పలక పట్టుకున్నాను. ఆయన ఏడుతో మొదలుపెట్టాడు.

“శేషం ఐదు” అన్నాడు.

“ఐదు” అన్నాను.